ఛార్జింగ్ వరుసలో అత్తాకోడళ్ళు

పోయినవారం మనం అత్తాకోడళ్ళను హైవే పక్కనున్న ఛార్జింగ్ స్టేషన్ గేటు దగ్గర వదిలి వచ్చాం. వరుసగా సెలవులు కలిసిరావడంతో ఊరు ఊరంతా సముద్రం దారి పట్టింది. భర్త పోయిన మూడేళ్ళకు కోడలు మొదటిసారి ఆ దారిన బయల్దేరింది, పక్కసీట్లో అత్తగారిని కూర్చోబెట్టుకుని. సముద్రం దగ్గర తమకోసం ఒక మనిషి ఎదురుచూస్తుంటాడు. అతన్ని చూపించి, ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అత్తగారికి అక్కడ చెప్పాలని ఆమె ఆలోచన. ఆ మనిషి వడ్రంగి. కానీ గేటు దగ్గర బ్రేకు వేసి అద్దంలోకి చూసేసరికి, సముద్రం ఒడ్డున ఉండాల్సిన అతని తెల్లవ్యాను తమ వెనకాలే, రెండు కార్ల అవతల నిలబడి ఉంది.

కోడలు అద్దంలోంచి కళ్ళు తిప్పుకోలేదు. అత్తగారు మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ చూపంతా ముందున్న గందరగోళం మీదే ఉంది.

అది ఛార్జింగ్ స్టేషన్‌లా లేదు, సంతలా ఉంది. ఆరు ఛార్జర్లున్నాయి. ఒకదాని మూతికి ఎవరో ప్లాస్టిక్ సంచి కట్టారు, అంటే అది పనిచేయదని అర్థం. ఇంకొకటి పనిచేస్తుందో లేదో దానికే తెలియదు. కాసేపు కరెంటు ఇస్తుంది, కాసేపు అలుగుతుంది. మిగిలినవాటి చుట్టూ కార్లు ఎటుపడితే అటు మూతులు పెట్టి నిలబడ్డాయి. వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, తామే ముందొచ్చామని మాత్రం ప్రతివాళ్ళూ ఒట్టేసి చెప్పగలరు. ఒకాయన తన పెద్దకారుకు కేబుల్ తగిలించి భోజనానికి వెళ్ళిపోయాడు. జనం వంతులవారీగా వెళ్ళి ఆ కారు అద్దంలోంచి లోపలి తెరను తొంగిచూసి, తొంభై దాటింది, తొంభై రెండయింది అని వచ్చి చెబుతున్నారు, లోపల పడుకున్నవాళ్ళకు జ్వరం చూసి వచ్చినట్టు.

అత్తగారు సిటీబస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. డిపోలో అందరూ విజిలమ్మ అని పిలిచేవారు. అంతమంది జనం అంత అడ్డదిడ్డంగా నిలబడి ఉంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. తలుపు తీసుకుని, నొప్పి మోకాలిని రెండుచేతులతో బయటపెట్టి, దిగింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక ఈల వేసింది. ఆ ఈలకు ఫోనుల్లో తలలు దూర్చినవాళ్ళంతా తలలెత్తారు. ఆ తర్వాత ఆవిడ చేతిలో టిక్కెట్ల మిషను లేదన్నమాటే గానీ, మిగిలినదంతా బస్సే. జరగమన్నవాళ్ళు జరిగారు. మధ్యలో దూరిన నల్లకారు కుర్రాడు తనకు చాలా తొందరగా ఉందని వాదించబోతే, తన మోకాలికి అంతకన్నా తొందరగా ఉందని, కావాలంటే దాని వెనకాల నిలబడమని చెప్పింది. జనం నవ్వారు. కుర్రాడు మొహం మాడ్చుకుని కారు వెనక్కి తీశాడు. ఛార్జర్లు పెరగలేదు, కరెంటు పెరగలేదు, కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలిసింది. అరుపులు తగ్గాయి.

కోడలు కారులోనే ఉండిపోయింది. భర్త కొన్న కారు అది. బ్యాటరీ పాతబడింది, కొత్తలో ఒక్క గుక్కలో పోయిన దూరానికి ఇప్పుడు మధ్యలో ఆగాల్సిందే. మిగిలిన కాస్త ఛార్జ్ చాలదేమోనని ఏసీ ఆపేసి అద్దాలు దించింది. వేడిగాలి మొహానికి కొడుతోంది. ఒళ్ళో ఫోను మెరిసింది. వడ్రంగి. ఈ పాతబ్యాటరీతో దారిలో ఆగిపోతారేమోనని భయమేసిందట, ముందు వెళ్ళినవాడు మధ్యలో ఆగి వీళ్ళ కారు దాటాక వెనకే వచ్చాడట. తన వ్యానుకు ఛార్జ్ నిండా ఉంది, ఇక్కడ తనకు పనేమీ లేదు. పొమ్మంటే పోతానని రాశాడు. దగ్గరికి రావద్దని ఆమె రాసింది. పొమ్మని మాత్రం రాయలేకపోయింది.

అతనితో ఆమెకు అన్నీ ఇలాగే జరిగాయి. ఆమె పని కళ్ళు పరీక్షించడం, కళ్ళజోళ్ళు అమర్చడం. కొలబద్ద మీద గీతలు రెండుగా కనబడుతున్నాయంటూ ఒకరోజు షాపుకొచ్చాడు. అద్దాలు పెట్టి పంపింది. వారం తిరక్కుండా ఫ్రేము వదులైందని వచ్చాడు. మళ్ళీ బిగుతైందని వచ్చాడు. చివరికొకరోజు ఆమె ఫ్రేములో ఏ లోపమూ లేదని చెప్పేసింది. ఆ సంగతి తనకు తెలుసని అతను నేలచూపులు చూస్తూ అన్నాడు. ఆ రోజు షాపు మూసి ఇంటికి నడుస్తూ ఆమె దారి పొడవునా తనను తాను తిట్టుకుంది, ఎందుకంటే మనసు తేలిగ్గా ఉంది. మూడేళ్ళుగా బరువుకు అలవాటుపడ్డ మనిషికి తేలిగ్గా ఉండటం తప్పుచేసినట్టే ఉంటుంది.

ఇదే స్టేషన్‌లో భర్తతో ఆగిన రోజులు కళ్ళముందుకు వచ్చాయి. అప్పుడు ఇక్కడ రెండే ఛార్జర్లు, చుట్టూ మనిషన్నవాడు ఉండేవాడు కాదు. కేబుల్ తగిలించి అతను బానెట్ మీదికెక్కి కూర్చునేవాడు, ఆమెకూ చెయ్యందించి ఎక్కించుకునేవాడు. ఒక్క ఐస్‌క్రీమ్ ఇద్దరూ తినేవాళ్ళు. ఈ అరగంట మనకు ఊరికే వచ్చిందోయ్ అనేవాడు. ఛార్జ్ నిండిన చప్పుడు వినబడినా లేవనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ బానెట్ ఎండలో పెనంలా కాలుతోంది.

అత్తగారు తిరిగొచ్చి సీట్లో కూలబడింది. చేతిలో నీళ్ళ సీసా ఉంది. చెప్పులు విప్పి, మోకాలు రుద్దుకుంటూ, ఈ సీసా ఇచ్చింది ఆ తెల్లవ్యాను అబ్బాయని చెప్పింది. కోడలు అలాగా అంది.

కాసేపటికి అత్తగారు రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"మన సొరుగు బాగుచేసింది అతనేనా?"

"ఏ సొరుగు అత్తయ్యా?"

"వంటగట్టు కింద సొరుగు. గరిటెలది."

ఆ సొరుగు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. లాగితే సగంలో పట్టేసేది, మూయాలంటే నడుముతో ఒక్క తోపు తోయాల్సి వచ్చేది. వచ్చే ఆదివారం బాగుచేస్తానని భర్త ప్రతి ఆదివారం అనేవాడు. ఒకరోజు ఆఫీసులో కుప్పకూలి, ఏ ఆదివారమూ లేకుండా వెళ్ళిపోయాడు. వడ్రంగి ఇంటికొచ్చింది ఒకేఒక్కసారి, అత్తగారు మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు. టీ తాగి వెళ్ళబోతూ ఆ సొరుగుతో ఆమె పడే పాట్లు చూసి, ఊరుకోలేక జేబులోంచి చిన్న పరికరం తీశాడు. అత్తగారు తర్వాత ఆ ఊసే ఎత్తలేదు కాబట్టి గమనించలేదనుకుంది.

"ఆ రోజు గరిటె కోసం సొరుగు లాగాను," అంది అత్తగారు. "వెన్నలా వచ్చింది. మూశాను. చప్పుడే లేదు. మళ్ళీ లాగాను, మళ్ళీ మూశాను. ఎన్నిసార్లో నాకే తెలీదు. తర్వాత అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. అది అడ్డంపడుతున్నన్నాళ్ళూ, వాడు ఎప్పుడో ఒకరోజు వచ్చి బాగుచేస్తాడని నాకు లోపలెక్కడో ఉండేది కాబోలు. పిచ్చిదాన్ని."

కోడలికి కళ్ళు మసకలు కమ్మాయి. స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"అప్పటినుంచీ తెలుసా మీకు?"

"ఎవరో ఉన్నారని తెలుసు. నాలుగు రోజులు నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వేమో నాకు పంటినొప్పనుకుని లవంగాలు తెచ్చిచ్చావు. ఇంకేం కోప్పడతాను. ఆ ఎవరో ఇతనే అని ఇప్పుడే తెలిసింది. గోళ్ళ సందుల్లో రంపప్పొట్టు ఉంది. పైగా మన కారు వైపు చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతున్నాడో. టిక్కెట్టు లేనివాళ్ళని మొహం చూసి పట్టుకున్నదాన్ని తల్లీ నేను."

కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుతో మూడేళ్ళ బిగువు సడలింది. అన్నీ చెప్పుకుపోయింది. కళ్ళజోడు సంగతి, ఫ్రేము సంగతి, సముద్రం దగ్గర చెప్పాలనుకున్న సంగతి. అతనికి అత్తగారి గురించి మొదటిరోజే చెప్పానని, ఆవిడతో కలిపే తానని, ఇంటి వెనక గది ఖాళీ చేసి కిటికీ పెద్దది చేయిద్దామని అతనే అన్నాడని చెప్పింది. అత్తగారు అడ్డురాకుండా అంతా విన్నది. అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడని ఒప్పుకుంది. తర్వాత ఆవిడ నెమ్మదిగా, ఆ కిటికీ వద్దంది.

ఆవిడకు ఒక స్నేహితురాలుంది. అత్తగారు కండక్టరుగా ఉన్న బస్సుకే ఏళ్ళతరబడి డ్రైవరుగా చేసిన మనిషి, డ్రైవరక్క. ఇప్పుడు కొండమీది ఊళ్ళో మొక్కలు పెంచి అమ్ముతోంది. ఒంటరిది. రిటైరయ్యాక ఇద్దరం ఒకచోట ఉందామని డిపోలో టీ తాగేటప్పుడల్లా అనుకునేవాళ్ళు. ఏడాదిగా పిలుస్తూనే ఉంది. ఇక్కడికి కొంచెం దూరంలో రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమవైపుది సముద్రానికి, కుడివైపుది ఆ కొండకు. తనను అక్కడ దింపి వాళ్ళిద్దరూ సముద్రానికి వెళ్ళమంది అత్తగారు. తిరుగుదారిలో ఎక్కించుకోవద్దని కూడా చెప్పింది.

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, తనకు దారి వదలడానికే ఆవిడ తప్పుకుంటోందని అనుకుంది, అదే అడిగింది.

"కాదు," అంది అత్తగారు. "నీ కోసమైతే ఇంతసేపు ఆలోచించేదాన్ని కాదు. నా కోసం. సాయంత్రం నువ్వు షాపు నుంచి వచ్చి తలుపు తీస్తావు చూడు, ఆ చప్పుడుకి మొదట వాడే వచ్చాడనుకుంటాను. ఇప్పటికీ. తర్వాత నువ్వని తెలుస్తుంది. ఆ ఒక్క క్షణం నీమీద కోపమొస్తుంది, నువ్వు వాడివి కానందుకు. నువ్వు నవ్వుతూ చెప్పులు విప్పుకుంటుంటావు. నాకు ఆ క్షణం వద్దమ్మా. వాడు ఎన్నడూ తలుపు తియ్యని ఇల్లు ఒకటి కావాలి నాకు."

ఊహ తెలియకముందే తల్లి పోయిన పిల్ల కోడలు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేవాళ్ళు ఎలా ఉంటారో పెళ్ళయి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. మొగుడు పోయిన రోజున కూడా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ మనిషి ఇప్పుడు పక్కనే కూర్చుని, నీ అడుగుల చప్పుడు నాకు నొప్పి అంటోంది. అత్తగారిది కోపం కాదు, ఎదురుచెప్పడానికి అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అందుకే చెప్పకూడని మాట నోటి నుంచి వచ్చేసింది.

"కొడుకు పోయాడు కదా అని నన్ను కూడా పోగొట్టుకుంటారా?"

అత్తగారు మొహం తిప్పుకుంది. ముందున్న కార్లు ఒకటొకటే కదులుతున్నాయి. కోడలు కారును ఇంకాస్త ముందుకు పోనిచ్చింది. చివరికి అత్తగారు కాళ్ళు పట్టేశాయని, కాసేపు నడిచొస్తానని, ఎండగా ఉంది కాబట్టి డిక్కీ తీస్తే తువ్వాలు తీసుకుంటానని అంది. కోడలు బటన్ నొక్కింది. డిక్కీ లేచి మళ్ళీ పడిన చప్పుడు విన్నది. అద్దంలో చూస్తే అత్తగారు తెల్లవ్యాను దగ్గర నిలబడి ఉంది. వడ్రంగి గబుక్కున కిందికి దిగాడు. ఆవిడేదో అంటోంది, అతను తలవంచుకుని వింటున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె ఊహించుకుని ఊహించుకుని అరగదీసిన దృశ్యమే అది. ఆ ఇద్దరూ ఒకచోట నిలబడి మాట్లాడుకోవడం. కళ్ళారా చూద్దామనుకునేంతలో వెనకనుంచి హారన్ మోగింది. పెద్దకారాయన భోజనం ముగించి వచ్చి, తొంభై తొమ్మిది దగ్గర, అందరికీ ఉపకారం చేస్తున్నట్టు కేబుల్ తీశాడు. ఆమె వంతు వచ్చింది.

కారును చోటులోకి తెచ్చి దిగింది. ఛార్జింగ్ గన్ను బరువుగా, ఎండకు వేడెక్కి ఉంది. రెండుచేతులతో ఎత్తి కారు పక్కనున్న రంధ్రంలోకి నెడితే లోపల టక్కుమని తాళం పడింది. తెరమీద ఏడు శాతం అని వచ్చింది. పచ్చలైటు వెలిగింది. ఇంత జనంలో పాతబ్యాటరీకి కరెంటు సన్నగా ఎక్కుతోంది, దూరం పోవాలంటే చాలాసేపు ఆగాలి. చెమట తుడుచుకుని వెనక్కి తిరిగింది. వ్యాను ఉన్నచోట ఇంకెవరిదో కారుంది.

ముందు అటూఇటూ చూసింది. పక్కకు తీశాడేమోననుకుంది. టీ బడ్డీ దగ్గర చూసింది. తర్వాత అనుమానమొచ్చి డిక్కీ తీసింది. తువ్వాలు అక్కడే ఉంది. అత్తగారి పెట్టె లేదు. కరెంటుబండి కదా, వెళ్ళేటప్పుడు చప్పుడైనా చేయలేదు.

ఈ లోకంలో ఆమెకున్నది ఇద్దరు మనుషులు. ఇద్దరూ ఒక్క బండిలో వెళ్ళిపోయారు. వాళ్ళను కలపాలని ఎంత తపించిందో, వాళ్ళు కలిసిన మరుక్షణం తనొక్కతీ మిగిలిపోయింది. ఆమె కారు పక్కన, చేతిలో ఫోను పట్టుకుని, ఎవరికి ముందు చేయాలో తెలియక నిలబడిపోయింది. అంతలో అదే మోగింది.

వడ్రంగి. బండి రోడ్డు చీలేచోట పక్కకు తీసి ఆపానన్నాడు. అమ్మగారు పక్కనే ఉన్నారని, ఆవిడకు వినబడేలాగే మాట్లాడుతున్నానని ముందే చెప్పాడు.

"కొండమీది ఊళ్ళో దింపమని అడిగారు. నీకు చెప్పొద్దన్నారు. ఆవిడ అడిగితే కాదనలేకపోయాను. కానీ నీకు తెలియకుండా కుడివైపు తిప్పడానికి నాకు చేతులు రావట్లేదు. నువ్వు చెప్పు. ఎటు తిప్పమంటావు?"

ఎడమకు అనడం ఎంతసేపు. ఆ ఒక్కమాట అంటే అతను తిప్పేస్తాడు, అత్తగారు నోరెత్తదు, వెనకగదికి పెద్ద కిటికీ వస్తుంది. ప్రతి సాయంత్రం తలుపు చప్పుడుకు ఆవిడ తలెత్తి చూస్తుంది. కుడికి అంటే ఆ మాట అన్నది తానే అవుతుంది, ఇక జన్మంతా.

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"ఈల వేస్తే బస్సు కదలాలమ్మాయ్," అంది అత్తగారు. గొంతులో నవ్వు తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. "ఈల నీ దగ్గరుంది. వెయ్యి."

కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి అంది.

"ఎటూ తిప్పొద్దు. అక్కడే ఉండండి. నేనొస్తున్నాను. ఎటు వెళ్ళినా మిమ్మల్ని దింపేది నేనే. ఇంకొకళ్ళ బండిలో మిమ్మల్ని పంపించను."

అవతల నుంచి జవాబు రాకముందే ఫోను సీట్లో పడేసింది. ఛార్జర్ మీద ఎర్రబటన్ నొక్కింది. పచ్చలైటు ఆరిపోయింది, తాళం వదిలింది, గన్ను తీసి కొక్కేనికి తగిలించింది. వెనకున్న నల్లకారు కుర్రాడు తన కళ్ళను తానే నమ్మలేనట్టు చూశాడు. పొద్దుటినుంచి ఈ చోటుకోసం మనుషులు పోట్లాడుకున్నారు, ఈవిడేమిటి దొరికాక వదిలేసి పోతోందని వరుసంతా మెడలు సాచింది. ఆమె ఎవరివైపూ చూడలేదు. గేటు దాటి రోడ్డెక్కాక తెరవైపు చూసింది.

పదకొండు శాతం. రోడ్డు చీలేచోటికి చేరడానికి చాలు. అక్కడినుంచి సముద్రానికైనా, కొండకైనా, ఆ ఛార్జ్ చాలదు.